కుందేటి సీమ భోజనచరిత్రము

నల్లమల, ఎఱ్ఱమల శ్రేణుల నడుమ నుత్తరమునుండి దక్షిణమునకు బాఱి పెన్నలో గలియు నేఱు కుందు. సంస్కృతాభిమానులు దీనిని కుముద్వతి యనిరి. ఈ యేటి కిరుప్రక్కలనున్న నల్లరేగడి సీమలో నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల ముఖ్యస్థలములు. 1858లో నేర్పడిన కర్నూలు జిల్లాలో జేరియుండిన యీ భాగము 2022 ఏప్రిలు 4వ తేదీనుండి నంద్యాల జిల్లా యైనది.

ఈ సీమవారి భోజనమును గూర్చి వాడుకలోనున్న యభిప్రాయ మొకటి కలదు. పూర్వము ప్రజలు జొన్నకూడు తినుచుండి రనియు, కాలువ వచ్చిన పిదప వరియన్నమునకు బాగుపడి రనియు దాని సారము. ఇది యసత్యము గాదు. కాని జొన్నయే యిచ్చటి యాదిధాన్యమనుకొనుట యొక పొరపాటు. జొన్ననుండి వరికి జరిగిన మార్పు కేవల మభ్యుదయమనుకొనుట మఱియొక పొరపాటు. మొదటిది పండితులకే పరిమితమైన పొరపాటు. రెండవదాని ఫలమును ప్రజలనుభవించిరి.

కుందేటి యొడ్డుననే యున్న పెద్దముడియము మొదలగు నవీనశిలాయుగపు దిబ్బలలో మాడి బొగ్గయిన గింజలు దొరకినవి. డోరియన్ ఫుల్లరు మొదలగు పురావృక్షశాస్త్రజ్ఞులు వానిని పరిశీలించి, క్రీస్తుకు పూర్వము మూడవ, రెండవ సహస్రాబ్దులలో దక్షిణాపథపు ప్రజలు ముఖ్యముగా దినినవి అండుకొఱ్ఱలు, వానికి దగ్గఱదైన యొక కొఱ్ఱజాతి గడ్డిగింజ, ఉలవలు, పెసలు అని నిర్ణయించిరి. జొన్న యాఫ్రికాఖండమున బుట్టి తరువాత వచ్చినది. సంస్కృతమున దానికి యావనాళ మను పేరుండుటయే యది పరదేశపు ధాన్యమని పెద్దలు తలచియుండిరనుట కొక సూచన. కావున నేడు ముతకతిండి యని యెవరును లెక్కింపని యండుకొఱ్ఱయే యీ లోయలో నందఱికంటె బెద్ద గృహస్థు. జొన్న దానియింటికి వచ్చిన చుట్టము.

అయినను జొన్న యీ నేలకు దక్కినట్లు మఱియే ధాన్యమును దక్కలేదు. నల్లరేగడి వానకాలమున ద్రావిన నీటిని నెలలతరబడి కడుపులో దాచుకొనును. వానలు వెనుకబట్టిన పిమ్మట విత్తిన తెల్లజొన్న, పిదప చినుకు పడకున్నను, ఆ తేమతోను మంచుతోనే పండును. ముంగారున కొఱ్ఱను ప్రత్తితో గలిపి సాళ్లుగా వేయుదురు. కొఱ్ఱ మూడు నెలలలో గోతకు వచ్చి యింటి గాదెను నింపగా, ప్రత్తి చేననే నిలిచి తరువాత రొక్కము దెచ్చును. ఒకటి కూటికి, ఒకటి శిస్తునకు. ఈ యేర్పాటులో నున్న తెలివి గ్రంథములలో నేర్చుకొన్నది గాదు. పండిన జొన్నను నేలలో ద్రవ్విన పాతరలలో బోసి, మీద గడ్డి పఱచి, మన్ను గప్పెడువారు. తేమ చొఱని పాతరలో గింజ సంవత్సరములకొలది చెడకుండును. కఱవునకు భయపడువాని ధైర్యమంతయు నా గోతిలో నుండెను.

రొట్టె చేయుటయందును జొన్న తన ధర్మమును విడువదు. గోధుమపిండికి గల జిగి దీనికి లేదు; కఱ్ఱతో నొత్తినచో చీలిపోవును. అందువలన మఱగిన నీటితో బిండి గలిపి, అరచేతితో జఱచి జఱచి వెడల్పుచేసి, పెనముమీద వేసి, పైని తడిగుడ్డతో నద్దుదురు. దానికి తోడు పుంటికూర పప్పో, ఉల్లిగడ్డయు గారమునో, కలవారి యింట నెయ్యియో. సంక్రాంతికి సజ్జరొట్టెపై నువ్వులద్దుదురు. కొఱ్ఱబియ్యమును దంచుట మిక్కిలి శ్రమ. ఆ శ్రమ యంతయు స్త్రీలదే. మాలమాదిగ కుటుంబములకు గూలి యీ గింజలరూపముననే కొలువబడెడిది. వారు మాంసమును సన్నగా గోసి యెండబెట్టి తునకలుచేసి యేడాది పొడవునను వాడుకొనిరి. సాహిత్యపత్రికలలో నీ తునకలమాట యెత్తినవారు తక్కువ. ఎత్తకున్నంతమాత్రమున నవి యీ సీమ భోజనములో లేకపోలేదు.

వరి యీ సీమకు గ్రొత్తగాదు. చెఱువులక్రిందను, మహానంది కోనేటినుండి వెడలు నీటి ప్రక్కలను బూర్వమునుండి పండుచునే యుండెను. అది సామాన్యుని కంచములోనికంటె ముందు దేవుని పళ్లెరములోనికి జేరినది. అహోబిలమున నాదివణ్ శఠకోపస్వామి మఠమును స్థాపించినది పదునాలుగవ శతాబ్ది తుదిభాగమున. ఆయన మేలుకోట ప్రాంతమునుండి వచ్చినవాడు. ఆయన వెనుక దమిళ కర్ణాట వైష్ణవసంప్రదాయము వచ్చెను. వైష్ణవాలయముల నివేదనములైన దధ్యోదనము, పులిహోర, చక్కెరపొంగలి యన్నియు బియ్యపు వంటకములే. కొండక్రింది కాపు జొన్నసంగటి దినుచు, స్వామికి బియ్యము సమర్పించెను. పలనాటి జొన్నకూటిని నిందించినట్లు శ్రీనాథుని పేర జెప్పబడు చాటువులును వరికి దక్కిన యీ పెద్దఱికమునే చాటుచున్నవి. సంగటిని నిందించుట సులభము. వానలేని యూర వరిని బండించుట కవికి బని గాదు.

అయితే యహోబిలస్వామి వియ్యము మాత్ర మడవిలో నున్నది. చెంచులక్ష్మిని బెండ్లాడెనను కథ ననుసరించి, సంక్రాంతి మఱునాటినుండి స్వామి పల్లకీ పాఱువేటకు వెడలును. చెంచులు పల్లకీమీద బాణములు వేయుటతో నుత్సవ మారంభమగును. నలువది దినములకు పైగా ముప్పదికి మించిన యూళ్లలో స్వామి సంచరించును. ఆళ్లగడ్డ ప్రాంతపు పల్లెలలో నది యింటింటి పండుగ; ఆడబిడ్డలను బిలిచి వంటలు సేయుదురు. చెంచుల సొంత భోజన మన్ననో తేనె, అడవి గడ్డలు, ఇప్పపూవు, చింతపండు. అంగడి తిండి వారి యడవిలోనికి బ్రవేశింపకముందు గడ్డలు ద్రవ్వుకోలయే వారి నాగలి.

మహమ్మదీయుల రాకచే నీ సీమ వంటకు మఱియొక పొర చేరినది. కర్నూలు నవాబుల యధికారము 1839లో గులాం రసూల్ ఖానుతో ముగిసినను, బనగానపల్లె నవాబుల సంస్థానము 1948 వఱకు నిలిచెను. ఆ యూరి పేరిటి మామిడి దేశమంతట బ్రసిద్ధి కెక్కినది. బిరియాని, ఖీమా, షీరుకుర్మా మొదలగునవి కోటలనుండి పేటలకు దిగినవి. పల్లెలలో నుండు దూదేకులవా రనేకులు తెలుగే మాటలాడుచు, తక్కిన కాపులవలె జొన్నరొట్టెనే తినుచుండిరి. వంట కలిసిన చోటు పీర్లచావిడి. మొహరమునాడు హిందువులును మలీదయు బెల్లపు పానకమును దెచ్చి పీర్లకు సమర్పింతురు. నరసింహునికి బ్రియమని యెంచు పానకమే పీర్లకును బ్రీతి యైనది. ఏది యెవరినుండి వచ్చినదని యా బిందెను బట్టి తేల్చుట యసాధ్యము.

ఇక గారము. రాయలసీమ వంట యనగానే కారము తలపునకు వచ్చును. కాని రాయలనాటి భోజనమున మిరపకాయ లేదు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని యింటి వంటలను ఋతుభేదము ననుసరించి వర్ణించిన కృష్ణదేవరాయలు మిరియమును, ఆవను జెప్పెనేకాని మిరప నెఱుగడు. 1492లో కొలంబసు కరీబియను సముద్రపు దీవులలో దిగి, అచ్చటివారు దిను నెఱ్ఱని కాయను జూచి యదియు నొకవిధమగు మిరియ మనుకొనెను. తెలుగువారును నట్లే మిరియమునుండి మిరప యని పేరుపెట్టిరి. పోర్చుగీసువారి యోడలలో వచ్చిన యాకాయ యింటికి యజమానురాలై, మిరియమును గషాయములకు దఱిమెను. ఆ యమెరికాఖండమునుండియే వేరుసెనగయు వచ్చినది. సీమవారు చెనిక్కాయ యనుచు దానిని ఊరుబిండిగా నూరి పులగములోను, బొరుగుల యుగ్గానితోను దినుచున్నారు. కొండవాలులలో దానంతట నది మొలచు సీతాఫలముసైతము వెస్టిండీసు దీవుల జాతి. సీతమ్మపేరు పెట్టినపిదప దానిని బరదేశి యనుటకు నోరు రాదు. పంతొమ్మిదవ శతాబ్దిలో నీ ఋణము కొంత తీరినది. కూలికి బోయిన దక్షిణదేశీయులతో గూరపొడి యా దీవులకు జేరి, మార్టినీకు, గ్వాడెలూపులలో నేటికిని కొలంబో యను పేర వండబడుచున్నది.

ఇట్లు వచ్చినవానిలో జొన్నయు, మిరపయు, చెనిక్కాయయు నున్నవానికి దోడుగా జేరినవి. ఉన్నదానిని వెడలగొట్టినది కాలువ యొక్కటే.

తుంగభద్రపై సుంకేసుల యానకట్టనుండి కడపదాక నూటతొంబది మైళ్లు సాగు కర్నూలు కడప కాలువను మదరాసు ఇరిగేషను కంపెనీ యను నాంగ్లేయసంస్థ 1860వ దశకమున ద్రవ్వనారంభించి 1871 నాటికి నీరు విడిచెను. నీటిపన్నుతో లాభము వచ్చునని కంపెనీవా రాశించిరి. కాని రైతులు నీరు గొనలేదు. అధికారులు దీనిని మూర్ఖత యనిరి. రైతులది మూర్ఖత గాదు. రేగడికి వాననీరే చాలును; కాలువనీరు నిలిచిన నేల బురదయగును; జొన్న, ప్రత్తి చెడును; పన్ను మాత్రము తప్పదు. తండ్రితాతలు లెక్కగట్టిన లెక్కనే వారు మరల గట్టిరి.

ఆ లెక్కను దప్పించినది ధాత కఱవు. 1876లో వానలు తప్పెను, 1877లోను దప్పెను. పాతరలు వట్టిపోయెను. రేగడి తాను ద్రావనిదే యియ్యజాలదు. అప్పుడు రైతులు కాలువకడకు బరుగిడిరి. నీరందిన పొలములకు బ్రాణము నిలిచెను; అందనివారు కఱవుపనులకు బోయిరి. 1877 మొదట రిచర్డు టెంపులు దొర పనివాని కూలిని దినమునకొక పౌను ధాన్యమునకును నొక యణాకును దగ్గించెను. అది మనుష్యునకు జాలదని మదరాసు ఆరోగ్యశాఖాధికారి కార్నిషు వాదించి పోరాడగా, దరువాత గొంత పెంచిరి. మదరాసు రేవున దిగి యిటకు జేరినది బంగాళ, బర్మాల బియ్యము. 1871లో దొమ్మిదిలక్షలు మించియున్న కర్నూలు జిల్లా జనసంఖ్య 1881 నాటికి ఏడులక్షలకు లోపడెను. కంపెనీ నష్టములలో మునిగి 1882లో కాలువను దొరతనమువారి కమ్మివేసెను. ఈ సీమకు వరి తీపికోరికవలన రాలేదు, ఆకలివలన వచ్చెను.

తరువాతి కథ చిన్నది. నీటిక్రింది నేలలు పెరిగెను. పెండ్లికిని, పండుగకును వండు వరియన్నము వారమున కొకసారియై, దినమున కొకపూటయై, తుదకు రెండుపూటల దయ్యెను. 1986లో బాపట్లనుండి వెలువడిన బి.పి.టి. 5204 రకపు సన్నవడ్లు కాలువక్రింద వ్యాపించి, సోనా బియ్య మను పేరిట నంద్యాలకు బేరు దెచ్చినవి. చేనినుండి జొన్న వెనుకకు జరుగగా బాతర తవ్వుటయు, రొట్టె చఱచు నేర్పును దానితో వెనుకబడెను.

నంద్యాలలో 1906లో స్థాపితమైన వ్యవసాయపరిశోధనాక్షేత్రము మాత్రము మెట్టపైరులను విడువలేదు. తెల్లజొన్నలోను గొఱ్ఱలోను గ్రొత్తరకములను దీసెను. అందొక కొఱ్ఱకు నవనందులలో నొకటియైన సూర్యనంది పేరు పెట్టిరి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా బ్రకటించెను. పట్టణములలో మధుమేహమునకు జంకినవారు కొఱ్ఱన్నము నడుగుచున్నారు. ఒకనాడు కూలికి మానికలతో గొలిచిన యా గింజ నేడు నంద్యాల యంగళ్లలో బొట్లములకెక్కి, సోనా బియ్యమునకంటె హెచ్చువెల కమ్ముడగుచున్నది.