కుక్కకి కట్టిన గుడి

రాయపూర్‌లో స్థిరపడిన మన తెలుగువాళ్ళు రాజిం చూసే ఉంటారు, డోంగర్‌గఢ్ బమ్లేశ్వరి అమ్మవారి కొండ ఎక్కే ఉంటారు. బాలోద్ జిల్లా ఖపరీ గ్రామంలోని కుకుర్‌దేవ్ మందిరం మాత్రం చాలామంది చూసి ఉండరు. ఇక్కడి భాషలో కుకుర్ అంటే కుక్క. 14, 15 శతాబ్దాల నాటి, ఫణినాగవంశీయుల కాలపు గుడి అని చెప్తారు. లోపల శివలింగంతో పాటు కుక్క విగ్రహం కూడా ఉంది. దానికీ పూజ జరుగుతుంది.

దాని వెనక జనం చెప్పుకునే కథ ఒకటుంది. కరువు రోజుల్లో ఒక బంజారా, అంటే మనం లంబాడీ అంటామే, షావుకారు దగ్గర అప్పు చేసి తన కుక్కని తాకట్టు పెట్టాడు. షావుకారు ఇంట్లో దొంగలు పడితే, సొత్తు దాచిన చోటు ఆ కుక్కే చూపించింది. షావుకారు సంతోషించి, బాకీ తీరిపోయిందని చీటీ రాసి దాని మెడలో కట్టి పంపించేశాడు. యజమాని మాత్రం కుక్క పారిపోయి వచ్చి తన మాట పోగొట్టిందని కోపంతో కర్రతో కొట్టి చంపేశాడు. చీటీ తర్వాత చూశాడు. ఆ పశ్చాత్తాపంతోనే గుర్తుగా కట్టించాడంటారు. ఇందులో చరిత్ర ఎంతో, కథ ఎంతో గాని, ఒక్కటి నిజం. కుక్క తన మాట నిలబెట్టుకుంది, తప్పింది మనిషే.

ఈ కథ విన్నప్పుడు నాకు మన ఫౌజు కుక్కలు గుర్తొచ్చాయి. మీరట్‌లోని రిమౌంట్ వెటర్నరీ కోర్ సెంటర్‌లో 1960 నుంచి కుక్కలకి శిక్షణ ఇస్తున్నారు. కాశ్మీర్‌లో రోడ్ ఓపెనింగ్ పార్టీలో వెళ్ళిన వాళ్ళకి తెలుసు, ముందు కుక్క నడిస్తే వెనక మన అడుగు ధైర్యంగా పడేది. అంత సేవ చేసినా, పనికి రాకుండా పోయిన కుక్కల్ని మందిచ్చి చంపేసే పద్ధతి చాలా ఏళ్ళు నడిచింది. 2015లో సమాచార హక్కు చట్టం కింద ఇది బయటికొచ్చి, విషయం ఢిల్లీ హైకోర్టు దాకా వెళ్ళాక పద్ధతి మారింది. మీరట్‌లో ముసలి కుక్కల్ని ఉంచి చూసుకుంటున్నారు, పెంచుకుంటామన్న వాళ్ళకి ఇస్తున్నారు. ఆలస్యంగానైనా చీటీ చదివాం.

మనకి దగ్గర్లోనే ఇంకొకటి జరిగింది. 2025 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్, తెలంగాణ సరిహద్దులో కర్రెగుట్టల ఆపరేషన్‌లో సీఆర్‌పీఎఫ్ కుక్క రోలోని తేనెటీగలు చుట్టుముట్టాయి. దాదాపు 200 చోట్ల కుట్టాయట. బతకలేదు. దాని వయసు రెండేళ్ళు.

ఇప్పుడు నా సంగతి. 1998లో మా పోస్టు లంగర్ దగ్గర కాలూ అనే కుక్క ఉండేది. రాత్రి సెంట్రీ డ్యూటీలో నా కాళ్ళ దగ్గరే పడుకునేది. యూనిట్ కదిలిన రోజు మా బండి వెనక చాలా దూరం పరుగెత్తింది. వచ్చే యూనిట్ చూసుకుంటుందిలే అనుకున్నాను. వాళ్ళకి ఒక్క మాట చెప్పి అప్పగించలేదు. అది ఈరోజుకీ మనసులో ఉంది.

నాలుగేళ్ళ కిందట వానాకాలంలో మా కాలనీ రోడ్డు మీద కాలు విరిగిన కుక్కపిల్ల దొరికింది. మా ఇంటావిడ "జాలిపడి తెస్తారు, ఊరెళ్తే ఎవరు చూస్తారు?" అంది. న్యాయమైన ప్రశ్నే. ఇంటి కుక్క పన్నెండు, పధ్నాలుగేళ్ళు బతుకుతుంది. అప్పటికి నాకు యాభై దాటేసింది. అందుకని ముందు మా అబ్బాయికి ఫోన్ చేసి, "నాకేదైనా అయితే దీన్ని నువ్వు చూసుకోవాలిరా" అని మాట తీసుకున్నాకే మోతీ అని పేరు పెట్టాం. కాలు నయమవడానికి మూడు నెలలు పట్టింది. కొత్తలో చీపురు ఎత్తితే చాలు, మంచం కింద దూరేది. అది మమ్మల్ని నమ్మడానికి కాలు బాగైనంత కన్నా ఎక్కువ కాలం పట్టింది. ఏటా రేబిస్ టీకా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, ఎండాకాలం గోమార్లు పట్టకుండా మందు, రెండు పూటలా నడక, ఇవన్నీ పెన్షన్‌లోంచీ టైములోంచీ తీయాల్సినవే.

ఒక హెచ్చరిక. కుక్క కరిస్తే ఖపరీ గుడికి వెళ్తే నయమవుతుందని కొందరి నమ్మకం. దణ్ణం తర్వాత పెట్టుకోవచ్చు. ముందు పావుగంట సేపు సబ్బు నీళ్ళతో గాయం కడిగి, వెంటనే ఆసుపత్రికెళ్ళి టీకా వేయించుకోవాలి. రేబిస్ ముదిరాక దాదాపుగా మందు లేదు.

రిటైరైన సోదరులకి నా మనవి. ఇంట్లో తోడుకని, మనవలు అడిగారని కుక్కని తేకండి. తెచ్చారంటే మాత్రం బదిలీ అయినా, జబ్బు చేసినా, ముసలిదైనా వదలకండి. కుక్కకి గుడి కట్టనక్కరలేదు, బతికుండగా చూసుకుంటే చాలు.

జై హింద్.