తెల్లదుమ్ము దారులు

దుమ్మంటే ఇల్లాలికి ఎంత మంటో వేరే చెప్పాలా? పొద్దున్న తుడిచిన టీపాయి మీద మధ్యాహ్నానికి వేలితో మన పేరు రాసుకోవచ్చు. అటువంటిది, పైకం పోసి, విమానాలెక్కి వెళ్ళి, ఒళ్ళంతా దుమ్ము పూసుకుని నవ్వుతూ ఫోటోలు తీయించుకునే వాళ్ళున్నారంటే నమ్ముతారా? నమ్మాలి మరి! దానికి "గ్రావెల్ బైకింగ్" అని పేరు కూడా పెట్టారు. గ్రావెల్ అంటే కంకర. తారు ఎరగని కంకర బాటల మీద, వెడల్పు టైర్ల సైకిలెక్కి, కొండలూ, ఏటి లోయలూ, పాత ఊళ్ళూ చూసుకుంటూ పోవడమన్నమాట. డొంక అనండి, పుంత అనండి, బండిబాట అనండి, మన పల్లెల్లోనూ అలాంటి దారులు ఉండనే ఉన్నాయి.

ఈ సరదా ఏమిటో చూద్దామని పుస్తకాలు తిరగేస్తూ తిరగేస్తూ నేను ఇటలీలో తేలాను. అక్కడ టస్కనీ సీమలో, సియెనా పట్నం చుట్టూ ఉన్న మట్టిదారుల్ని "స్త్రాదె బియాంకె" అంటారు. తెల్లబాటలు అని అర్థం. సున్నపురాతి కంకర కావడం వల్ల ఎండలో తెల్లగా మెరుస్తాయి. అర్బియా, ఒంబ్రోనె, ఓర్చా నదుల లోయల మీదుగా, బూడిదరంగు బంకమట్టి గుట్టల మధ్యగా, రెండు పక్కలా సరుగుడు చెట్లలా నిటారుగా పెరిగిన సైప్రస్ చెట్లతో మెలికలు తిరుగుతూ పోతాయి. ఓర్చా లోయను 2004లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ ప్రదేశంగా గుర్తించారు.

ఈ సీమ కోసం సియెనా వాళ్ళూ, ఫ్లారెన్సు వాళ్ళూ తరతరాలు కొట్టుకున్నారు. 1260లో అర్బియా నది దగ్గర మోంతపెర్తిలో పెద్ద యుద్ధమే జరిగింది. సరిహద్దు గురించి ఒక కథ కూడా ఉంది. కోడి కూయగానే రెండు పట్నాల నుంచీ ఒక్కొక్క రౌతు బయల్దేరాలి, ఇద్దరూ ఎక్కడ కలిస్తే అదే పొలిమేర అని ఒప్పందమట. సియెనా వాళ్ళు తమ తెల్లకోడిని బాగా మేపారు. అది తిని సుఖంగా నిద్రపోయింది. ఫ్లారెన్సు వాళ్ళు నల్లకోడిని పస్తు పెట్టారు. పాపం, అది ఆకలికి ఆగలేక తెల్లవారకముందే కూసేసింది. ఇంకేముంది, వాళ్ళ రౌతు దాదాపు సియెనా గుమ్మందాకా వచ్చేశాడు! ఇది కట్టుకథే అనుకోండి. కాని ఆ నల్లకోడి బొమ్మ ఇప్పటికీ కియాంటీ ద్రాక్షసారా సీసాల మీద కనిపిస్తుంది.

ఈ దారుల్లో సైనికులే కాదు, యాత్రికులూ నడిచారు. ఇంగ్లండులోని కాంటర్‌బరీ నుంచి రోమ్‌కు పోయే యాత్రామార్గం సియెనా మీదుగానే పోతుంది. 990 ప్రాంతంలో సిజెరిక్ అనే ఆర్చిబిషప్ రోమ్ నుంచి తిరిగి వెడుతూ మజిలీ చేసిన 79 చోట్ల పేర్లు రాయించి పెట్టాడు. ఆ జాబితా చేతపట్టుకుని ఇవాళ్టికీ జనం నడుస్తున్నారు, సైకిళ్ళ మీద పోతున్నారు.

ఇక నన్ను కదలనివ్వని సంగతి చెబుతాను. సియెనా నగర సభాభవనంలో 1338-39లో అంబ్రోజియో లొరెంజెత్తి అనే చిత్రకారుడు గోడల మీద పెద్ద బొమ్మలు వేశాడు. మంచి పరిపాలన ఉంటే ఊరెలా ఉంటుందో ఒక గోడ మీద, చెడ్డ పరిపాలన ఉంటే ఎలా ఉంటుందో మరో గోడ మీద. మంచి పాలనలో కోటగుమ్మం నుంచి బాట బయటికి పోతూంటుంది. రైతులు కోతలు కోస్తూంటారు. గాడిదల మీద సరుకులు వస్తూంటాయి. ఒక దొరసాని గుర్రమెక్కి వేటకు బయల్దేరింది. ఆ బాటకు పైన, ఆకాశంలో రెక్కలు చాచి ఒక స్త్రీమూర్తి తేలుతూంటుంది. ఆమె పేరు భద్రత. ఈ దారిన ఎవరైనా నిర్భయంగా పోవచ్చునని ఆమె అభయం. ఎదురుగోడ మీద చెడ్డ పాలనలో పొలాలు బీళ్ళు, ఊళ్ళు బూడిద. ఆ దారి మీద నల్లని పేలికలు కట్టుకుని, కత్తి పట్టుకుని తిరుగుతున్నది భయం. ఆమే ఆడదే! రాజ్యం బాగుందో లేదో తెలుసుకోవాలంటే ఖజానా లెక్కలు అక్కర్లేదు, దారి చూస్తే చాలునని ఆ చిత్రకారుడికి ఏనాడో తోచిందన్నమాట.

ఆ దారి ఆడవాళ్ళకి అంత తేలిగ్గా దక్కిందా అంటే, లేదు. అల్ఫోన్సీనా సంగతే చూడండి. 1891లో ఒక నిరుపేద కుటుంబంలో పుట్టింది. తండ్రి తెచ్చిన డొక్కు సైకిలు మీద ఊళ్ళు తిరుగుతూంటే, ఇరుగుపొరుగులు "గౌను తొడుక్కున్న దెయ్యం" అనేవారట. పధ్నాలుగేళ్ళకే పెళ్ళయింది. విచిత్రమేమిటంటే, మొగుడు పెళ్ళికానుకగా కొత్త సైకిలిచ్చాడని చెబుతారు! అతని ఇంటిపేరు స్త్రాదా. ఇటాలియన్ భాషలో దాని అర్థమే "బాట". అలా ఆవిడ అల్ఫోన్సీనా స్త్రాదా అయింది.

1924లో ఇటలీ దేశమంతా చుట్టే "జీరో" సైకిలు పందెం వచ్చింది. డబ్బు తగాదాతో పేరున్న పోటీదార్లు రాలేదు. జనాన్ని ఆకర్షించడానికి ఏదో ఒకటి కావాలి కనుక నిర్వాహకులు ఈవిడని చేర్చుకున్నారు. పేపర్లో మాత్రం పేరు చివరి అక్షరం ఎగరగొట్టి మగపేరులా "అల్ఫోన్సిన్" అని అచ్చయింది. మొత్తం 3613 కిలోమీటర్లు, దాదాపు అన్నీ గతుకుల మట్టిరోడ్లే. ఎనిమిదో మజిలీలో గాలీవానా. సైకిలు హ్యాండిలు విరిగిపోయింది. మీరైతే ఏం చేస్తారు? ఆవిడ చీపురుకర్ర కట్టుకుని తొక్కింది! మనం అసహ్యించుకునే ఆ వస్తువు అంత దూరం ప్రయాణం చేసింది. అయినా గడువు దాటి చేరిందని పోటీ లెక్కల్లోంచి తీసేశారు. ఆమె ఆగలేదు. లెక్కలో లేకుండానే తొక్కుతూ మిలాన్ చేరింది. బయల్దేరిన 90 మందిలో లెక్కలో మిగిలినవాళ్ళు 30 మందే. ఆ తరువాత ఆ పందెంలో మళ్ళీ ఏ ఆడదానికీ చోటివ్వలేదు.

అదే 1924లో మరొకామె ఓర్చా లోయలో కాపురం పెట్టింది. పేరు ఐరిస్ ఒరిగో, రచయిత్రి. ఇటాలియన్‌ని పెళ్ళాడి, లా ఫోచె అనే బీడునేలల ఎస్టేటుకి వచ్చింది. ఇద్దరూ కలిసి భూములు బాగుచేయించారు. పిల్లలకి బడి పెట్టారు. చిత్రపటాల్లో కనిపించే సైప్రస్ చెట్ల మెలికల బాట వాళ్ళు వేయించినదే. ఏడేళ్ళ కొడుకు 1933లో పోయాడు. ఆ తల్లే యుద్ధకాలంలో బాంబులకు ఇళ్ళు పోయిన పిల్లల్ని తెచ్చి పెంచింది. 1944 జూన్‌లో యుద్ధం గుమ్మంలోకి వచ్చినప్పుడు, చంకబిడ్డలతో సహా అరవై మందిదాకా వెంటబెట్టుకుని మోంతెపుల్చానో ఊరికి కాలినడకన బయల్దేరింది. దారి పక్కన మందుపాతరలు, నెత్తి మీద విమానాలు. అందరూ క్షేమంగా చేరారు. ఆ ఊరివాళ్ళు ఎదురొచ్చి పిల్లల్ని ఎత్తుకున్నారు. ఆ రోజుల డైరీని ఆమె 1947లో పుస్తకంగా అచ్చువేసింది. గోడ మీది "భయం" ఆ రోజు నిజంగానే ఆ దారిలో తిరిగింది. కాని ఈమె వెనక్కి తిరగలేదు.

యుద్ధం తరువాత పల్లెలు ఖాళీ అయ్యాయి. అంతవరకూ అక్కడ సగపాలు సేద్యమే. భూమి దొరది, చెమట రైతుది, పంట చెరి సగం. 1964లో అటువంటి కొత్త ఒప్పందాలు కూడదని చట్టం వచ్చింది. అప్పటికే కుర్రకారు పట్నాల ఫ్యాక్టరీలకి పోయారు. మనుషులు లేని ఊరికి తారురోడ్డు ఎవరు వేస్తారు? అలా లేమి వల్లే చాలా తెల్లబాటలు మిగిలిపోయాయి. మిగిలినవాటినైనా కాపాడుకోవాలని జాంకార్లో బ్రోచ్చి అనే ఆయన 1997లో గైయోలె అనే ఊళ్ళో "లేరోయికా" అనే సైకిలు యాత్ర మొదలుపెట్టాడు. 1987కి ముందు తయారైన పాత సైకిళ్ళే తేవాలని నియమం. మొదటి ఏడు వచ్చినవాళ్ళు 92 మంది. తరువాత వేలమంది. 209 కిలోమీటర్ల ఆ దారికి గుర్తుపలకలు పెట్టడంతో ఏడాది పొడుగునా ఎవరైనా వెళ్ళవచ్చు. పనికిరాదనుకున్న దుమ్మే ఆ సీమకి అన్నం పెడుతోంది.

ఆ తెల్లబాటల మీద 2007 నుంచి పెద్ద సైకిలు పందెం కూడా జరుగుతోంది. 2015లో ఆడవాళ్ళకీ వేరే పందెం పెట్టారు. మొదటి ఏడు గెలిచింది మేగన్ గార్నియర్ అనే అమెరికా అమ్మాయి. పందెం చివర నిట్టనిలువు సందు ఒకటి ఎక్కాలి. ఆ సందు పేరు సంత కతెరీనా. బట్టలకు రంగులద్దేవాడి కూతురిగా అక్కడే పుట్టి, పోపులకే ఉత్తరాలు రాసి హితవు చెప్పిన సన్యాసిని కేథరిన్ పేరే అది. ఆ సందు ఎక్కి, మలుపు తిరిగి దిగితే నగరం నడిబొడ్డున విశాలమైన చదును. పందెం ముగిసేది అక్కడే, ఆ పాత సభాభవనం ఎదుట.

దుమ్ము కొట్టుకుపోయిన మొహాలతో ఆ అమ్మాయిలు రొప్పుతూ సైకిళ్ళు దిగుతారు. ఆ ఎదురింటి గోడ మీదే కదా, దారికి కాపలాగా ఆ రెక్కల తల్లి ఉన్నది!