సిమ్ లేని ఫోన్ వెనక కథ

2003 వానాకాలంలో రిలయన్స్ ఊరూవాడా చాటింపు వేసినంత పని చేసింది. ముందుగా 501 రూపాయలు కడితే చాలు, సెల్‌ఫోన్ చేతికొస్తుందని. అప్పటిదాకా సెల్ అంటే డాక్టర్లకీ కాంట్రాక్టర్లకీ ఉండే దర్జా. ఈ కొత్త ఫోన్ వెనక మూత తీస్తే సిమ్ పెట్టే చోటే కనిపించేది కాదు. నంబరు ఫోన్‌లోనే ఎక్కించి ఇచ్చేవారు. కంపెనీ మారాలంటే ఫోనే మార్చుకోవాలి.

జనం దాన్ని ‘రిలయన్స్ ఫోన్’ అన్నారు. లోపలున్న సీడీఎంఏ విద్య మాత్రం అమెరికాలోని శాన్‌డియాగో నుంచి వచ్చింది. దాన్ని సెల్‌ఫోన్లలోకి తెచ్చిన కంపెనీ క్వాల్‌కామ్.

1985 జులైలో ఇర్విన్ జేకబ్స్, ఆండ్రూ విటర్బీ మరో అయిదుగురితో కలిసి ఈ కంపెనీని పెట్టారు. తొలి రోజుల్లో కంపెనీని నిలబెట్టింది ఫోన్లు కావు, లారీలు! 1988లో వచ్చిన ‘ఆమ్నిట్రాక్స్’ అనే దాని ఏర్పాటు, ఉపగ్రహం సాయంతో లారీ ఎక్కడుందో యజమానికి చెప్పేది, డ్రైవరుకు కబురు అందించేది. పిడుగురాళ్ల సున్నం, మాచర్ల సిమెంటు లోడు పంపి ఎదురుచూసేవాళ్లకు ఆ సౌకర్యం విలువ వేరే చెప్పాలా?

సీడీఎంఏ సంగతికొస్తే, కోటప్పకొండ తిరునాళ్లలో ప్రభల మైకులు హోరెత్తుతున్నా మనవాళ్లు పిలిస్తే చెవి పట్టేస్తుంది కదా, అలాంటిదే. అందరి మాటలూ ఒకే తరంగాల మీద ఒకేసారి వెళతాయి. ఒక్కో కాల్‌కు ఒక్కో కోడ్. ఫోన్ తన కోడ్‌ను పట్టుకుని మిగతాదంతా రొదగా వదిలేస్తుంది.

ఇది జరిగే పని కాదన్నారు చాలామంది నిపుణులు. 1989 నవంబరులో వాళ్లనే పిలిచి ప్రదర్శన పెట్టారు. తీరా మొదలెట్టే వేళకు జీపీఎస్ మొరాయించింది. జేకబ్స్ వేదిక దిగకుండా ఉపన్యాసం సాగదీస్తూనే ఉన్నారు, ఇంజినీర్లు సరిచేసి సైగ చేసేదాకా. 1995లో హాంకాంగ్‌లో తొలి వాణిజ్య సేవ మొదలైంది.

తర్వాత క్వాల్‌కామ్ టవర్ల పరికరాల వ్యాపారాన్ని ఎరిక్సన్‌కూ, ఫోన్ల తయారీని క్యోసెరాకూ అమ్మేసింది. చిప్‌ల డిజైన్, పేటెంట్లు ఉంచుకుంది. సొంత చిప్ ఫ్యాక్టరీ లేదు. ఆ పని తైవాన్‌లోని టీఎస్‌ఎంసీ లాంటి సంస్థలది. క్వాల్‌కామ్ చిప్ వాడకపోయినా, పేటెంట్లు వాడుకున్నందుకు ఫోన్ కంపెనీలు రాయల్టీ కట్టాల్సిందే. ఇది తెలివా, పెత్తనమా? పెత్తనమేనంటూ అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2017లో కోర్టుకెక్కింది. 2020లో అప్పీలు కోర్టు క్వాల్‌కామ్ పక్షాన తీర్పిచ్చింది. చట్టం ఒప్పుకున్నా, ఆ బరువు చివరికి ఫోన్ కొనేవాడి మీదా కొంత పడుతుందన్నది కాదనలేని మాట.

సీడీఎంఏ ఫోన్లు మూలకు చేరాయి. 2007లో మొదలైన స్నాప్‌డ్రాగన్ చిప్‌లు మాత్రం నేటి ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎన్నింటినో నడుపుతున్నాయి. క్వాల్‌కామ్ హైదరాబాద్‌లో అయిదేళ్లలో 3,904 కోట్ల రూపాయలు పెడుతుందని, 8,700 మందికి ఉద్యోగాలొస్తాయని 2022 అక్టోబరులో ప్రకటన వచ్చింది. నరసరావుపేట కాలేజీల్లో ఈసీఈలో చేరి, మూడో ఏడు నుంచే సాఫ్ట్‌వేర్ కోచింగుల వెంట పడుతున్న పిల్లలు చిప్ డిజైన్ వైపు కూడా ఓసారి చూడాలి.