ఎడమకాలి గారో

ఆ కట్టె కాస్త లోపలికి తొయ్యరా, పొగ అంతా నా మొహానే కొడుతోంది. ఊఁ, చాలు. ఇందాక ఎవరర్రా, కిక్కరు అసలు ఆటగాడే కాదన్నది? పెద్దాడివా? తమ్ముడు స్కూల్ జట్టులో కిక్కర్‌గా చేరాడని వేళాకోళం చేస్తున్నావు గానీ, నీకు గారో సంగతి తెలీదు. మీ నాన్నకే సగం తెలుసు. వినండి చెప్తాను.

1966 నాటి మాట. అప్పటికి నేనింకా ఈ దేశం మొహం చూడలేదు. మన డెట్రాయిట్ లయన్స్ జట్టులోకి ఒక పొట్టివాడొచ్చాడు. పేరు గారో యెప్రేమియన్. వాళ్ళది ఆర్మేనియన్ కుటుంబం. తను పుట్టింది మాత్రం సైప్రస్ దీవిలో, లార్నకా అనే ఊళ్ళో, 1944లో. అక్కణ్ణుంచి కుటుంబమంతా లండన్ చేరింది. వాళ్ళన్న క్రికోర్ సాకర్ బాగా ఆడతాడని ఇక్కడ ఇండియానా యూనివర్సిటీ వాళ్ళు స్కాలర్‌షిప్ ఇచ్చి పిలిపించుకున్నారు. అన్న వెనకే తమ్ముడూ వచ్చాడు. కాలేజీలో చేరి ఆడదామనుకుంటే, లండన్‌లో డబ్బు పుచ్చుకుని సాకర్ ఆడావు కాబట్టి నువ్వు కాలేజీ ఆటకు పనికిరావన్నారు. సరే, కాలేజీ కాదంటే ఏకంగా ప్రొఫెషనల్ జట్టునే అడుగుదాం పద అన్నాడు అన్న. తనే ఏజెంటు అవతారమెత్తి తమ్ముణ్ణి వెంటబెట్టుకు తిరిగాడు. లయన్స్ వాళ్ళు చూశారు, తీసుకున్నారు. ఫుట్‌బాల్ ఆట మొదలు నుంచి చివరిదాకా ఒక్కసారైనా చూడని మనిషి ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడైపోయాడు.

ఎందుకు తీసుకున్నారంటే కాలు. అంతవరకూ ఇక్కడి కిక్కర్లు దాదాపు అంతా బంతికి ఎదురుగా నడిచొచ్చి బూటు ముక్కుతో పొడిచేవాళ్ళు. గారోలాంటి సాకర్ వాళ్ళేమో పక్కనుంచి ఏటవాలుగా వచ్చి, నడుం తిప్పి, పాదం పైభాగంతో కొడతారు. ఇప్పుడు మన చిన్నాడు కొట్టేది అలాగే కదా, సాకర్ దెబ్బ. ఈ పద్ధతిని ప్రొఫెషనల్ ఆటలోకి మొదట తెచ్చినవాడు పీట్ గొగోలాక్. 1956లో హంగరీలో తిరుగుబాటు జరిగినప్పుడు పారిపోయి వచ్చిన కుటుంబం వాళ్ళది. 1964లో బఫలో బిల్స్‌లో చేరాడు. తరవాత నార్వే నుంచి యాన్ స్టెనరుడ్ వచ్చాడు. ఆయన స్కీ మీదనుంచి గాల్లోకి దూకే ఆటగాడు. మోంటానా స్టేట్‌లో స్కీయింగ్ స్కాలర్‌షిప్ మీద చదువుకుంటూ ఊరికే బంతి తంతుంటే అక్కడి బాస్కెట్‌బాల్ కోచ్ చూసి, పరుగున వెళ్ళి ఫుట్‌బాల్ కోచ్‌కి చెప్పాడట. బూటు ముక్కుతో పొడిచే పూర్తికాలపు కిక్కర్లలో ఆఖరివాడు మార్క్ మోస్లీ, 1986దాకా ఆడాడు. ఇరవై ఏళ్ళు తిరిగేసరికి పాత పద్ధతి మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. తుడిచిపెట్టింది ఎవరంటే బయటినుంచి వచ్చిన నలుగురు.

గారో సంగతికొస్తా. చేరిన నెలరోజులకే, నవంబర్ 13న, మిన్నెసోటా వైకింగ్స్ మీద ఒక్క ఆటలో ఆరు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. అప్పటికి అది ఎన్‌ఎఫ్‌ఎల్ రికార్డు. లయన్స్ 32, వైకింగ్స్ 31. ఒక్క పాయింటు! ఓడిన వైకింగ్స్ కోచ్ నార్మ్ వాన్ బ్రాక్లిన్ కడుపుమంట పట్టలేక, ఈ దేశం ఇమిగ్రేషన్ చట్టాలు ఇంకాస్త బిగించాలన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మీరు నవ్వుతారు గానీ, ఆ ముందు ఏడాదే, 1965లో, ఆ చట్టాన్ని సడలించారు. ఆ సడలింపు వల్లే మావంటి ఇంజనీర్లూ డాక్టర్లూ ఇక్కడికి రాగలిగాం. బిగించి ఉంటే ఇవాళ మీరంతా ఎక్కడుండేవారో!

తోటివాళ్ళు మాత్రం ఊరుకున్నారా? ఆటపట్టించేవాళ్ళు. అలెక్స్ కారస్ అని లయన్స్‌లో కొండలాంటి డిఫెన్స్ ఆటగాడు ఉండేవాడు, తరవాత సినిమాల్లో కూడా వేశాడు. ఆయన టీవీలో కూర్చుని గారో యాసను అనుకరించి 'ఐ కీక్ ఎ టచ్‌డౌన్' అని దేశమంతటినీ నవ్వించాడు. కిక్కరు టచ్‌డౌన్ కొట్టడమేమిటి, ఆ పాటి తెలీదా అని. గారో ఆ మాట అన్నాడో లేదో ఎవరికి కావాలి, జీవితాంతం ఆ మాట ఆయన మెళ్ళో వేలాడింది. నాకు ఆ బాధ తెలుసులే. కొత్తల్లో ఆఫీసు మీటింగులో నేను నోరు తెరిస్తే చాలు, అవతల ఇద్దరు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకునేవాళ్ళు. చెప్పిన లెక్క తప్పని మాత్రం ఎవరూ అనలేదు.

ఇంకో తమాషా. మొదట్లో ఆయన హెల్మెట్‌కి ముందు కడ్డీ ఉండేది కాదు. బంతి తన్ని పక్కకొచ్చేసేవాడికి అదెందుకని. గ్రీన్ బే జట్టులో రే నిట్ష్కే అనే రాక్షసుడు ఒకసారి వచ్చి గుద్దాడు. ఆ దెబ్బతో కడ్డీ తగిలించుకున్నాడు.

1968లో సైన్యంలో చేరాడు, తిరిగొచ్చేసరికి లయన్స్‌లో చోటు లేదు. ఏంచేశాడు? టైలు కుట్టించి అమ్ముకున్నాడు. మెళ్ళో కట్టుకునే టైలే. 1970లో మయామీ డాల్ఫిన్స్ కోచ్ డాన్ షులా దగ్గరికి చేరాక గానీ ఆయన దశ తిరగలేదు. తిరగడమంటే మామూలుగా కాదు, 1971లో లీగ్ మొత్తంలో అందరికంటే ఎక్కువ పాయింట్లు ఈయనవే, 117.

నేనాయన్ని మొదట చూసింది ఆ ఏడాదే. డెట్రాయిట్‌లో నా తొలి చలికాలం. క్రిస్మస్ రోజు. దుకాణాలు మూసేశారు, బస్సులు లేవు, మంచు మోకాళ్ళదాకా. అద్దెకొంపలో మేం కొందరం కూడి పప్పుచారు కాచుకుని, పాత నలుపు-తెలుపు టీవీ పెట్టుకుని కూచున్నాం. కాన్సస్ సిటీలో ఆట. ఎవరు ఎవరిని ఎందుకు తోస్తున్నారో ఒక్క ముక్క అర్థం కాలేదు. అన్నం తిన్నాం, ఆట అవలేదు. కునుకు తీసి లేచాం, అవలేదు. 24-24 దగ్గర ఆగిపోయి, అదనపు సమయం మీద అదనపు సమయం. ఇప్పటికీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో అంత పొడుగాట లేదు, మొత్తం 82 నిమిషాల 40 సెకన్లు. కాన్సస్ సిటీ కిక్కరు ఎవరనుకున్నారు, ఇందాక చెప్పిన స్టెనరుడే. ఆట ముగియబోతుండగా ముప్పై గజాల పైచిలుకు నుంచి సులువైన గోల్, మరొకరైతే కళ్ళు మూసుకుని కొడతారు, ఆయన పక్కకు కొట్టాడు. తరవాత ఇంకోటి అడ్డుకున్నారు. చివరికి గారో 37 గజాల నుంచి ఎడమకాలితో ఒక్క తన్ను తన్ని, బంతి గోల్ దాటిందో లేదో చూడకుండానే చేతులు పైకెత్తి వెనక్కి తిరిగాడు. మయామీ 27, కాన్సస్ సిటీ 24. ఆటంటే తెలీని మాకు కూడా అర్థమైంది, ఈ బట్టతలాయన వచ్చి తేల్చేశాడని. స్టెనరుడ్‌ని ఆ రాత్రి అందరూ తిట్టుకున్నారు. 1991లో ఆయన్నే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, ఒక్క ఫీల్డ్ గోల్ కిక్కులతోనే అందులోకి వెళ్ళిన మొదటివాడు ఆయన.

ఇహ అసలు కథ. మరుసటి సీజన్ 1972. మయామీ ఒక్క ఆట కూడా ఓడలేదు. మొదట్నుంచి చివరిదాకా ఓడకుండా సూపర్ బౌల్ గెలిచిన జట్టు అదొక్కటే, ఇవాళ్టివరకూ. 1973 జనవరి 14, లాస్ ఏంజెలెస్. మయామీ 14, వాషింగ్టన్ సున్నా. ఆట ఇంకో రెండు నిమిషాల చిల్లర. 42 గజాల ఫీల్డ్ గోల్ కొడితే 17-0 అవుతుంది. ఆ గెలుపుతో సీజన్ లెక్క కూడా 17-0. ఎంత ముద్దుగా ఉండేదో! గారో కొట్టాడు. బంతి ఎత్తు లేవలేదు, వాషింగ్టన్ తాలూకు బిల్ బ్రుండిజ్ చేతికి తగిలి వెనక్కొచ్చింది. ఇక్కడే చూడండి. దానిమీద పడుకుంటే చాలు, గొడవ లేదు. ఈయన దాన్ని ఎత్తుకుని పరిగెత్తాడు, పైగా ఎవరికో విసరబోయాడు! జీవితంలో ఎన్నడూ విసిరిన మనిషి కాదు. బంతి వేళ్ళలోంచి జారి పైకి లేచింది, కంగారులో దాన్ని ఇంకాస్త పైకి కొట్టాడు, తిన్నగా వెళ్ళి మైక్ బాస్ చేతుల్లో పడింది. వాడు 49 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్. 14-7. మా గదిలో ఒకాయన కుర్చీలోంచి పడేంత నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మయామీ చివరికి గెలిచింది లెండి. ఓడి ఉంటే ఏమయ్యేదో ఆ భగవంతుడికే తెలియాలి. కానీ గెలిచినా ఏం లాభం? వంటవాడు నలభై ఏళ్ళు వండినా, ఉప్పెక్కువైన ఆ ఒక్క పెళ్ళినే ఊరంతా చెప్పుకుంటుంది. నన్నడిగితే ఆ తప్పులో సగం బ్రుండిజ్‌ని ఆపలేకపోయిన ముందువరస ఆటగాళ్ళది. వాళ్ళ పేర్లు ఎవరికైనా గుర్తున్నాయా? ఆట అయ్యాక ఈయనకు ఒంట్లో నొప్పి పట్టుకుందట, దిగులుకే. గెలిచిన విందులోంచి ముందే వెళ్ళిపోయాడట.

కాస్త ఆ పల్లీలు ఇటివ్వండి.

అయితే మరుసటేడు చూడండి. వాళ్ళు మళ్ళీ సూపర్ బౌల్ గెలిచారు, అందులో ఈయనదీ ఒక ఫీల్డ్ గోల్. ఆ వెంటనే 1974 జనవరిలో ప్రో బౌల్, అంటే లీగ్‌లో మేటి ఆటగాళ్ళని రెండు జట్లుగా చేసి ఆడించే ఆట. ఎక్కడా? కాన్సస్ సిటీలోనే మళ్ళీ. ఈయన జట్టు 15-13తో గెలిచింది. ఆ పదిహేనూ గారోవే, ఐదు ఫీల్డ్ గోల్స్, ఆఖరిది ఆట ముగియడానికి 21 సెకన్లుండగా. ఆ ఆటలో ఉత్తమ ఆటగాడు ఆయనే. ఇది ఏ టీవీ వాడూ వెయ్యడు. ఏటా సూపర్ బౌల్ వచ్చినప్పుడల్లా వేసేది ఆ బంతి జారిన ముక్కే.

1979లో మయామీ వాళ్ళు ఆయన్ని తీసేశారు. అప్పటికి వరసగా ఫీల్డ్ గోల్స్ తప్పకుండా కొడుతూనే ఉన్నాడు, ఆ వరస తరవాతి జట్టులో ఇరవైకి చేరి రికార్డయింది. న్యూ ఆర్లీన్స్‌లో కొన్నాళ్ళు, టంపాలో కొన్నాళ్ళు ఆడి 1981లో చాలించాడు. మొత్తం 210 ఫీల్డ్ గోల్స్, 1,074 పాయింట్లు. డెబ్బైల దశాబ్దానికి అత్యుత్తమ జట్టు ఎంచినప్పుడు కిక్కరుగా పెట్టింది ఈయన్నే. ఒరే పెద్దాడా, వింటున్నావా?

ఆట మానేశాక ఊరూరా ఉపన్యాసాలిచ్చి బతికాడు. మొదలెట్టడమే ఆ సూపర్ బౌల్ ముక్కతో, తనమీద తనే జోకులేసుకుంటూ. ఎవరో ఒకరు ఎలాగూ నవ్వుతారు, ఆ నవ్వుకి టిక్కెట్టు నేనే అమ్ముకుంటానన్నట్టు. నాకది బాగా నచ్చింది. అందరూ అలా చెయ్యలేరు. 1991లో బఫలో కిక్కరు స్కాట్ నార్వుడ్, సూపర్ బౌల్ ఆఖరి సెకన్లలో 47 గజాల నుంచి కొట్టింది కుడిపక్కకు పోయి, ఒక్క పాయింటుతో ఓడారు. మర్నాడు బఫలోలో జనం చేరి, తిట్టడానికి కాదు, ఆయన పేరే పిలిచి ముందుకు రమ్మన్నారు. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. మంచి ఊరది. కానీ ఆట మానేశాక ఆయన జనంలోకి పెద్దగా రాలేదు.

గారో కోడలికి మెదడులో కణితి వచ్చింది. దానిమీద పరిశోధనకని ఆయన తన పేరునే ఒక ఫౌండేషన్ పెట్టి డబ్బు పోగుచేశాడు. చివరికి తనూ క్యాన్సర్‌తోనే పోయాడు, 2015 మే 15న, డెబ్బై ఏళ్ళకి.

ఆగండి, లేవకండి, ఒకటి మిగిలింది. ఆ సూపర్ బౌల్ అయ్యాక, దిగులుతో కుమిలిపోతున్న రోజుల్లో ఆయనకొక ఉత్తరం వచ్చింది. కోచ్ షులా దగ్గర్నుంచి. నువ్వు లేకపోతే మేం ఇంతదూరం వచ్చేవాళ్ళం కాదు, జనం మాటలు పట్టించుకోకు అన్న ధోరణిలో. షులా అంటే నిప్పు. ఆటగాళ్ళు ఆయన ఎదుటపడాలంటే వణికేవాళ్ళు. అలాంటి మనిషి తనకు ఉత్తరం రాశాడని గారోకి ప్రాణం లేచొచ్చింది. దాన్ని దాచుకున్నాడు. ఎన్నో ఏళ్ళ తరవాత ఒకనాడు షులాకి ఎదురుపడి, మీ ఉత్తరమే నన్ను నిలబెట్టిందండీ అని చెప్పుకున్నాడు. షులా తెల్లబోయాడు. ఏ ఉత్తరం? నేనేం రాయలేదే! తీరా ఆరా తీస్తే రాసింది ఆయన భార్య డొరొతీ. మొగుడికి తెలీకుండా రాసి, కింద మొగుడి సంతకం తనే పెట్టి పోస్టు చేసింది.

ఈ కథ మొత్తంలో మీ నాయనమ్మకి నచ్చింది ఇదొక్క ముక్కే. మిగతాదంతా బంతి గోల అంటుంది.