తెరకు తగిన పెట్టె

కొల్లేటి లంకలలో నివసించువారికి నేల కొలత స్థిరమైనది కాదు. +5 కాంటూరు వరకు సరస్సు వైశాల్యము 308 చదరపు కిలోమీటర్లు. వరద నీరు +10 కాంటూరును అందుకొంటే అది 901 చదరపు కిలోమీటర్లకు వ్యాపిస్తుంది. నీరు పెరిగినకొద్దీ కాలు మోపుటకు మెరక తగ్గిపోతుంది.

ఆ సరస్సుకు ఎగువన, మెట్టలోని చింతలపూడిలో రైతు చేతనున్న ఫోనులోనూ ఇటువంటి సంగతే జరుగుతుంది. దరఖాస్తులో పేరు వ్రాయుటకు వేలు ఆనించగానే, అడుగునుండి కీబోర్డు పైకి లేచి తెరలో పెద్ద భాగమును కప్పివేస్తుంది. అంతకుముందే తెరపై వెలసిన పాపప్ పెట్టె అడుగున ఉన్న ‘సమర్పించు’ అనే మీట మరుగున పడవచ్చును. మీట కనబడనిచో దరఖాస్తు చేరదు. గడువు మాత్రము ఆగదు.

ఈ చిక్కు నేటిది కాదు. 1973లో అమెరికాలోని జిరాక్సు సంస్థ పాలో ఆల్టో పరిశోధన కేంద్రములో ‘ఆల్టో’ అను కంప్యూటరు తయారైనది. దాని తెర 606 చుక్కల వెడల్పు, 808 చుక్కల ఎత్తు గలది. డాన్ ఇంగాల్స్ మొదలైనవారు దానిపై నిర్మించిన స్మాల్‌టాక్ వ్యవస్థలో, ఒకదానిపై ఒకటి పరచుకొనే కిటికీలు, కోరినప్పుడు వెలసి పని తీరగానే మాయమయ్యే పట్టికలు ఉండేవి. 1984లో వచ్చిన మాకింటాష్ తెర 512 చుక్కల వెడల్పు, 342 చుక్కల ఎత్తు మాత్రమే. 1987లో ఐ.బి.ఎం. ప్రవేశపెట్టిన వి.జి.ఎ. పద్ధతిలో అది 640, 480 అయినది. తెరలు ఏటేటా పెద్దవగుచుండుటచే, నిర్మాతలు పెట్టె కొలతను ముందే నిర్ణయించి ఊరకుండుట అలవాటు చేసికొన్నారు.

2007లో ఆ అలవాటుకు దెబ్బ తగిలినది. ఆ సంవత్సరము ఆసుస్ సంస్థ తెచ్చిన ఈపీసీ అను చిన్న కంప్యూటరు తెర 800 చుక్కల వెడల్పు, 480 చుక్కల ఎత్తు గలది. పెద్ద తెరల కొరకు నిర్ణయించిన పెట్టెలు అందులో పట్టక, అడుగునున్న మీటలు తెర దాటిపోయేవి. అదే ఏడు వచ్చిన ఐఫోను తెర 320, 480 చుక్కలే. 2010లో ఈథన్ మార్కాట్ అను రూపకర్త, పుట కొలత తెరను బట్టి మారవలెనను సూత్రమును ప్రతిపాదించినాడు. 2017లో క్రోమ్ బ్రౌజరు, కంటికి నిజముగా కనబడుచున్న భాగమెంతయో ప్రోగ్రాములకు తెలియజేయు సౌకర్యమును కల్పించినది. మొత్తము తెర వేరు, కనబడు తెర వేరు అన్న భేదమే ఇందులో ముఖ్యము.

పరిష్కారము చిన్న లెక్కయే. ఒక ఫోను తెర ఎత్తు 640 ప్రమాణములు అనుకొందము. కీబోర్డు 260 ఆక్రమిస్తే మిగిలేది 380. పైన 16, క్రింద 16 ఖాళీ విడిచినచో పెట్టెకు దక్కేది 348. పెట్టె అసలు ఎత్తు 450 అయితే దానిని 348కి కుదించవలెను. అయితే అక్షరములను చిన్నవి చేయుట తగదు; చదువుట కష్టము. శీర్షికకు, మీటలకు కలిపి 110 కేటాయించి వాటిని కదలకుండ నిలుపవలెను. మిగిలిన 238లో మధ్యనున్న విషయము వ్రేలితో పైకి క్రిందికి జరుగునట్లు చేయవలెను. కీబోర్డు దిగిపోగానే ఈ లెక్కను తిరిగి చేయవలెను.

తెలుగు విషయములో ఈ జాగ్రత్త మరింత అవసరము. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగు లిపికి స్థానము లభించినది. కాని తలకట్టు, గుడి పైకి పోతాయి. వత్తులు క్రిందికి దిగుతాయి. కావున పంక్తికి ఎత్తు ఎక్కువ కావలెను. పొడుగాటి సమాసము ఇరుకు పెట్టెలో పట్టక రెండవ పంక్తికి జారుతుంది. ఇంగ్లీషు మాటలను కొలిచి చేసిన పెట్టెలో తెలుగు మాటలు నింపినచో, ముందుగా తెర దాటిపోయేది అడుగునున్న మీటయే.

లంకవాసి నీటిమట్టము చూచి మెరక మీద ఇల్లు కట్టుకొంటాడు. పెట్టెను నిర్మించువాడు కూడ ఎదుటనున్న మెరక ఎంతయో ముందుగా కొలువవలెను. అప్పుడు చింతలపూడి రైతు వ్రేలికి మీట అందుతుంది.