సహజ దైవశాస్త్రం: క్రైస్తవ దృష్టిలో దాని హద్దులు

లేఖనాల ఆధారం లేకుండా సృష్టిని, మానవ వివేకాన్ని బట్టి దేవుణ్ణి తెలుసుకునే ప్రయత్నం సహజ దైవశాస్త్రం. సమర్థకులు సాధారణంగా 19వ కీర్తననూ రోమా పత్రిక మొదటి అధ్యాయాన్నీ చూపుతారు. అయితే పౌలు అక్కడ ఆ ఎరుకను రక్షణ మార్గమనలేదు. మనుషులు దాన్ని అణచివేశారు గనుక వారికి సాకు లేదన్నాడు.

దేవుడున్నాడని వివేకంతో తెలుస్తుంది గానీ త్రిత్వం అలా తెలియదని థామస్ అక్వినాస్ హద్దు గీశాడు. వివేకంతో దేవుణ్ణి నిశ్చయంగా తెలుసుకోవచ్చని 1870లో మొదటి వాటికన్ మహాసభ ప్రకటించింది. సంస్కర్త కాల్విన్ వైఖరి మరింత కఠినం: దైవభావన ప్రతి మనిషిలోనూ ఉంది, కానీ పాపం వల్ల అది విగ్రహాలను కల్పిస్తుంది.  

వివాదం ముదిరింది 1934లో. పతనం తర్వాత కూడా మనిషిలో మాట వినగల శక్తి, బాధ్యత మిగిలాయనీ, సువార్త తాకడానికి ఆ చోటు చాలనీ జూరిక్‌లోని దైవశాస్త్రవేత్త ఎమిల్ బ్రన్నర్ ‘ప్రకృతి, కృప’ అనే పుస్తకంలో రాశాడు. బాన్‌లో ఉన్న కార్ల్ బార్త్ జవాబుకు పెట్టిన పేరు ఒక్క మాటే: ‘కాదు!’. ఆ తీవ్రతకు కారణం సిద్ధాంతం ఒక్కటే కాదు. జాతిలో, నేలలో, చరిత్రలో దేవుని చిత్తం కనిపిస్తోందంటూ ‘జర్మన్ క్రైస్తవులు’ అనే సంఘ వర్గం వారు నాజీ పాలనకు దైవామోదం అంటగడుతున్న కాలమది. సంఘం వినవలసిన దేవుని వాక్యం యేసుక్రీస్తు ఒక్కడేనని ఆ ఏడాది మే నెలలోనే, వారిని ఎదిరించిన సంఘాల బార్మెన్ ప్రకటన చాటింది. దాని ముసాయిదాలో ప్రధాన హస్తం బార్త్‌దే.

సహజ దైవశాస్త్రం కోసమే నెలకొన్న గిఫర్డ్ ఉపన్యాసాలకు అబర్దీన్ విశ్వవిద్యాలయం పిలిచినప్పుడు, తాను దానికి విరోధినని బార్త్ ముందే చెప్పాడు. అయినా 1937, 1938లలో 1560 నాటి స్కాట్స్ విశ్వాస ప్రమాణం మీద ప్రసంగించాడు.

ఈ చర్చ భారతదేశానికీ చేరింది: బార్త్ ప్రభావమున్న డచ్ మిషనరీ పండితుడు క్రేమర్ పుస్తకాన్ని 1938లో మద్రాసు దగ్గరి తాంబరంలో జరిగిన అంతర్జాతీయ మిషనరీ సభ సందర్భంగా నెల్లూరుకు చెందిన క్రైస్తవ చింతకుడు పి. చెంచయ్య గట్టిగా విమర్శించాడు.

బైబిల్లోనే సహజ దైవశాస్త్రం ఉందని బైబిలు పండితుడు జేమ్స్ బార్ తర్వాత వాదించాడు. ఆ వాదనకు బలం ఉంది. అయినా ప్రకృతి నుంచి సిలువకు దారి లేదన్న బార్త్ మాటను అది తోసిపుచ్చలేదనే అనిపిస్తుంది. ఆ వివాదానికి మూలమైన బ్రన్నర్, బార్త్‌ల రచనలు 1946లో ఒకే ఇంగ్లీషు సంపుటిగా వెలువడ్డాయి.