రేపటి పిండి

హోటళ్ళ చరిత్ర రాసేవాళ్ళు వంటవాడి దగ్గర మొదలుపెడతారు, లేదంటే రుచి దగ్గర. ఉగ్రాణం జోలికి ఎవరూ పోరు. ఉగ్రాణం అంటే సరుకుల గది. కన్నడంలో కూడా అదే మాట. బెంగళూరు మావళ్ళి టిఫిన్ రూమ్స్, అదే మనందరికీ తెలిసిన ఎమ్‌టీఆర్, కథ మాత్రం నాకు ఆ గదిలోంచి చూస్తేనే అర్థమవుతుంది.

ఇడ్లీనే తీసుకోండి. రేపు పొద్దున ఎంతమంది వస్తారో ఈరోజే తేల్చుకోవాలి. బియ్యం, మినప్పప్పు నానాలి, రుబ్బాలి, రాత్రంతా పులవాలి. వాన పడి జనం రాకపోతే పిండి పాడవుతుంది. జనం ఎగబడితే ఎనిమిదింటికే "ఇడ్లీ అయిపోయింది సార్" అనాలి. బియ్యం బస్తా నెలలు ఆగుతుంది, రుబ్బిన పిండి ఆగదు. మా ఆఫీసుల్లో దీన్నే డిమాండ్ ఫోర్‌కాస్టింగ్ అంటాం. కాకపోతే మా తప్పులు వాసన రావు.

ఉడుపి దగ్గర నుంచి వచ్చిన మయ్య సోదరులు 1924లో ఈ హోటల్ పెట్టారు. అప్పటి పేరు బ్రాహ్మిన్ కాఫీ క్లబ్. ఎవరు వండుతున్నారో బోర్డు మీదే చెప్పాల్సిన కాలం మరి! ఇప్పుడున్న పేరు 1960లో వచ్చింది.

1942లో జపాన్ బర్మాని ఆక్రమించింది. అక్కడి నుంచి మనకొచ్చే బియ్యం ఆగిపోయి, దక్షిణాదిన కటకట మొదలైంది. ఇడ్లీ మీద బతికే హోటల్ ఏం చెయ్యాలి? ఆ యుద్ధం రోజుల్లోనే బియ్యం బదులు గోధుమరవ్వతో ఇడ్లీ వేశామని, రవ్వ ఇడ్లీ పుట్టింది తమ దగ్గరేనని ఎమ్‌టీఆర్ వాళ్ళు చెబుతారు. ఎవరింట్లోనో అంతకుముందే వేసుకుని ఉండొచ్చు, ఆ తగాదా నాకొద్దు. నాకు ఆసక్తి కలిగించేది వేరే సంగతి. రవ్వ వేయించి, పెరుగు, కాస్త వంటసోడా కలిపితే కాసేపట్లో పిండి సిద్ధం. రాత్రంతా పులవక్కర్లేదు. జనాన్ని చూసి, అప్పటికప్పుడు ఇంకో వాయి కలుపుకోవచ్చు. బియ్యం దొరక్క వెతుక్కున్న దారి, ముందురోజు అంచనా వేసుకునే బెడదని కూడా తీసేసింది.

1951లో యజ్ఞనారాయణ మయ్య యూరప్ వెళ్ళి అక్కడి హోటళ్ళు ఎలా నడుస్తాయో చూసొచ్చారు. ఆ తర్వాత ఎమ్‌టీఆర్‌లో శుభ్రత మీద పట్టింపు పెరిగింది. వచ్చినవాళ్ళకి వంటిల్లు కూడా చూపించేవాళ్ళు.

1975లో ఎమర్జెన్సీ వచ్చింది. టిఫిన్లు ఏ ధరకి అమ్మాలో ప్రభుత్వం చెప్పడం మొదలుపెట్టింది. చవగ్గా తిండి దొరకాలన్న ఉద్దేశాన్ని నేను వెక్కిరించను. నెలాఖరున జేబు తడుముకునేవాడికి అది చిన్న విషయం కాదు. కానీ దోసె ధర తగ్గించినంత మాత్రాన ఉగ్రాణంలోకి వచ్చే నెయ్యి ఖరీదు తగ్గదు. హోటల్‌కి మిగిలే దారులు కొన్నే: నాసి సరుకు తెప్పించడం, వడ్డించేది తగ్గించడం, నష్టానికి అమ్మడం. మొదటి రెండూ బయటికి కనపడవు. చాలామంది అవే చేస్తారు, చేసినా పెద్దగా ఎవరూ అడగరు. ఎమ్‌టీఆర్ మూడోది ఎంచుకుంది. రోజూ ఎంత నష్టం వస్తోందో బయట బోర్డు మీద రాసి పెట్టేవారని చెబుతారు. వంటిల్లు చూపించిన హోటల్ లెక్కల పుస్తకాన్నీ చూపించింది. నాకిది వ్యాపారి మొండితనంలా కనిపిస్తుంది, నిరసనలా కూడా కనిపిస్తుంది. రెండిట్లో ఏది ఎక్కువో తేల్చలేను.

చివరికి హోటల్ మూసేశారు. మరి పనివాళ్ళు? వాళ్ళని బయటికి పంపడం ఇష్టంలేక పొడులు, మిక్స్‌లు పొట్లాలు కట్టి అమ్మడం మొదలుపెట్టారని అంటారు. ఇక్కడ రవ్వ ఇడ్లీ అక్కరకొచ్చింది. పులిసిన పిండిని అప్పట్లో పొట్లం కట్టడం కుదిరే పని కాదు. వేయించిన రవ్వని కట్టొచ్చు, అది అలమరలో నెలలు కూర్చుంటుంది. ఎంత కలపాలన్న లెక్క కొనుక్కున్నవాళ్ళే చూసుకుంటారు. తర్వాత్తర్వాత ఆ పొట్లాలు అమెరికా వెళ్ళే మన పిల్లల సూట్‌కేసుల్లోకి కూడా ఎక్కాయి.

హోటల్ 1984లో మళ్ళీ తెరిచారు. పొట్లాల కంపెనీని 2007లో ఓర్క్లా అనే నార్వే సంస్థ కొనుక్కుంది. హోటల్ మాత్రం మయ్యల దగ్గరే ఉండిపోయింది.